మెల్లని పరుగే అసలు సాధన

దూరపు పరుగుకు సాధన ఎలా ఉండాలన్న విషయంలో నాకో గట్టి నమ్మకం ఉంది. దాన్ని, దాని వెనక ఉన్న ఆధారాలను, దానికి ఎదురయ్యే అభ్యంతరాలను ఈ ప్రసంగంలో మీ ముందు ఉంచుతాను. దూరం పరుగెత్తే మనిషిని తయారుచేసేది మెల్లని పరుగే అన్నది నా నమ్మకం. వారం మొత్తంలో పరుగెత్తే సమయాన్ని అయిదు వంతులు చేస్తే, అందులో నాలుగు వంతులు పక్కవారితో మాట్లాడుతూ సాగిపోగలిగినంత నిదానంగా ఉండాలి. వేగానికి చోటు మిగిలిన ఆ ఒక్క వంతులోనే. వినగానే ఇది విడ్డూరంగా అనిపించవచ్చు. రొప్పితేనే, ఒళ్ళు హూనమైతేనే, మర్నాడు పిక్కలు పట్టేస్తేనే ప్రాక్టీసు చేసినట్టని మనలో చాలామంది అనుకుంటాం. కష్టం ఎంత ఎక్కువైతే ఫలం అంత ఎక్కువన్నది మనకు చిన్నప్పటినుంచి నూరిపోసిన లెక్క. పరుగు విషయంలో ఆ లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో అర్థం చేసుకుంటే ఎంతోమందికి కాళ్ళు దక్కుతాయి, ఉద్యోగాలూ దక్కుతాయి.

ఉద్యోగాల మాట ఊరికే అనలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు కానిస్టేబుల్ కావాలనుకునే యువకుడు 1,600 మీటర్ల పరుగు నెగ్గాలి. సైన్యంలో అగ్నివీర్‌గా చేరాలన్నా 1.6 కిలోమీటర్ల పరుగు తప్పదు. అందుకే నోటిఫికేషన్ పడిందంటే చాలు, జిల్లా కేంద్రాల్లో కాలేజీ మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. అక్కడి సాధన చాలావరకు ఒకే తీరు. సున్నపు గీత దగ్గర వరసగా నిలబడటం, విజిల్ వినగానే ప్రాణాలు ఉగ్గబట్టుకుని 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొట్టడం, గీత దాటగానే వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని టైమింగ్ ఎంతని అడగడం. నిన్నటికంటే రెండు సెకన్లు తగ్గితే సంతోషం, పెరిగితే దిగులు. మర్నాడు మళ్ళీ అదే. మొదటి రెండు మూడు వారాలు టైమింగ్ బాగానే తగ్గుతుంది. తరవాత ఒకచోట ఆగిపోతుంది. ఆ పైన మోకాలి కిందనుంచి కాలి ముందెముక పొడవునా సలుపు మొదలవుతుంది. గ్రౌండు భాషలో దాన్ని షిన్ పెయిన్ అంటారు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, స్ప్రే కొట్టుకుని, పళ్ళు బిగబట్టి పరుగెత్తే కుర్రాళ్ళు ఇలాంటి మైదానాల్లో కొత్త కాదు. వాళ్ళ పట్టుదలకు వంక పెట్టలేం. వాళ్ళను దెబ్బతీస్తున్నది పద్ధతి. రోజూ టైమింగ్ చూసుకోవడమంటే రోజూ పరీక్ష రాయడమే. రోజూ పరీక్ష రాసేవాడు చదివేదెప్పుడు?

1,600 మీటర్లంటే ఊపిరి బిగబట్టి లాగించేయాల్సిన పరుగు అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. కండరానికి శక్తి ముఖ్యంగా రెండు దారుల్లో అందుతుంది. ఒకటి ఆక్సిజన్ సాయంతో నిలకడగా, చాలాసేపు అందే శక్తి. రెండోది ఆక్సిజన్ చాలకపోయినా గబగబా పుట్టి, కొద్దిసేపట్లోనే అడుగంటే శక్తి. 100 మీటర్ల పరుగు దాదాపుగా రెండో దారి మీదే నడుస్తుంది. దూరం పెరిగేకొద్దీ మొగ్గు మారుతుంది. శిక్షణ పొందిన క్రీడాకారులను ప్రయోగశాలలో కొలిచిచూస్తే 800 మీటర్లకే దాదాపు మూడింట రెండు వంతుల శక్తి ఆక్సిజన్ దారిలో వస్తున్నట్టు తేలింది. 1,500 మీటర్లకు ఆ వాటా 80 శాతం దాటుతుంది. వాళ్ళు నాలుగు నిమిషాల్లో ముగించే దూరానికి మన అభ్యర్థులకు ఆరేడు నిమిషాలు పడుతుంది కాబట్టి, వీళ్ళ విషయంలో ఆ వాటా ఇంకా ఎక్కువే. ఇక 10 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్, మారథాన్‌ల సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ దాదాపు అంతా ఆక్సిజన్ పనే. మనవాళ్ళు స్టామినా అనే మాటతో చెప్పేది ఈ మొదటి దారి గురించే. రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తే కుర్రాడు రెండో దారిని పిండుకుంటూ, తనకు నిజంగా కావలసిన మొదటి దారిని పెంచుకోలేకపోతున్నాడు.

ఆ మొదటి దారి ఎలా పెరుగుతుంది? నెలల తరబడి నిదానంగా పరుగెత్తినప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరుగుతుంది. కండరాల పోగుల చుట్టూ సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పోగుల లోపల పెరుగుతాయి. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించాడు. కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు రెండు గంటలదాకా తీసుకువెళ్ళాడు. వాటి కాలి కండరాలకు ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపైంది. ఇంకో లాభం కొవ్వుకు సంబంధించింది. ఒక కిలోమీటరు పరుగుకు శరీరం బరువులో కిలోకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు సుమారు 2,500 కేలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉండే పిండిపదార్థం ఇచ్చేది సుమారు 2,000 కేలరీలే. 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కి మనిషి కూలబడటానికి ముఖ్య కారణం ఇదే. ఎంత సన్నటి మనిషి ఒంట్లోనైనా కొవ్వు రూపంలో వేల కేలరీలు ఉంటాయి. ఆ నిల్వను తోడుకోవడం కండరానికి అలవాటు చేసేది మెల్లని దూరపు పరుగు. వేగంగా పరుగెత్తితే శరీరం పిండిపదార్థం వైపే మొగ్గుతుంది.

వేగపు పరుగుకూ గుండె, కండరాలు స్పందిస్తాయి కదా అని అడగవచ్చు. స్పందిస్తాయి, అందులో సందేహం లేదు. కానీ దాని ఖరీదు ఎక్కువ. గట్టిగా పరుగెత్తిన శరీరం తేరుకోవడానికి రెండు రోజులు పడుతుంది. మెల్లగా పరుగెత్తినవాడు మర్నాడే మళ్ళీ పరుగెత్తగలడు, ఆ మర్నాడూ పరుగెత్తగలడు. మెల్లని పరుగు బలమంతా ఈ పునరావృతిలో ఉంది. ఒక్కరోజు చేసిన ఘనకార్యం కంటే ఆరు నెలలు ఆగకుండా సాగిన మామూలు పరుగే శరీరాన్ని మారుస్తుంది. పైగా శరీరంలో అన్నీ ఒకే వేగంతో గట్టిపడవు. గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే సర్దుకుంటాయి. ఎముకలకు, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ లాంటివాటికి నెలలు కావాలి. ఊపిరి కుదుటపడింది కదా అని వేగం పెంచినవాడి ఎముక అప్పటికింకా సిద్ధంగా ఉండదు. షిన్ పెయిన్ ముదిరి ఎముకలో సన్నని పగులుగా మారేది సరిగ్గా ఆ దశలోనే.

మెల్లని పరుగే పునాది అన్న మాటను ప్రపంచం నమ్మేలా చేసినవాడు న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్. ఆక్లండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. తన శరీరం మీదే ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసుకుని ఒక పద్ధతి కట్టాడు. ఏ దూరానికి పోటీపడే శిష్యుడైనా సరే, పోటీల కాలానికి ముందు వారానికి 100 మైళ్ళు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు, నిలకడైన పరుగుతో పునాది వేసుకోవాల్సిందే. ఆదివారం ఆక్లండ్ దగ్గరి వైటాకెరె కొండల్లో 22 మైళ్ళ చుట్టు అందరికీ తప్పనిసరి. రెండు నిమిషాల్లోపే ముగిసే 800 మీటర్ల పోటీకి దిగే పీటర్ స్నెల్‌కు కూడా మినహాయింపు లేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెప్టెంబర్ 2న, గంట వ్యవధిలో, స్నెల్ 800 మీటర్లలో, రగ్బీ ఆటలో దెబ్బతిని ఎడమ చెయ్యి సరిగా పనిచేయని ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. అదే ఒలింపిక్స్ మారథాన్‌లో ఇంకో శిష్యుడు బారీ మగీకి కాంస్యం దక్కింది. నాలుగేళ్ళకు టోక్యోలో స్నెల్ 800, 1,500 మీటర్లు రెండూ గెలిచాడు. ఒకే ఊరి చుట్టుపక్కలనుంచి, ఒకే గురువు చేతికింద ఇన్ని దూరాల్లో ఇలాంటి ఫలితాలు రావడం యాదృచ్ఛికం అనుకోలేం. స్నెల్ తరవాత అమెరికాలో వ్యాయామ శాస్త్రం చదివి పరిశోధకుడయ్యాడు. చాలాసేపు మెల్లగా పరుగెత్తినప్పుడు నెమ్మది పోగుల్లో గ్లైకోజెన్ తరిగి, వేగపు పోగులూ పనిలోకి దిగవలసి వస్తుందని, అందుకే ఆ ఆదివారపు పరుగులు 800 మీటర్లకు కూడా పనికొచ్చాయని ఆయన వివరణ. ఒక్క సంగతి మరవకూడదు. లిడియార్డ్ చెప్పింది కాళ్ళీడ్చే పరుగు కాదు. పూర్తయ్యేసరికి హాయిగా అలసిపోయే పరుగు, కానీ ఎక్కడా ఎగశ్వాస పుట్టని పరుగు.

ఒక గురువు, కొందరు శిష్యులు రుజువుగా చాలరంటే, ఆ తరవాత వచ్చిన కొలతలు చూడాలి. నార్వేలో స్థిరపడిన స్టీఫెన్ సీలర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, దూరపు పోటీల్లో ఆరితేరినవాళ్ళు నిజంగా ఎంత గట్టిగా సాధన చేస్తున్నారో లెక్కకట్టాడు. వాళ్ళు చెప్పింది నమ్మి ఊరుకోకుండా గుండె వేగాన్ని, శ్రమ ఎక్కువైతే రక్తంలో పెరిగే లాక్టేట్‌ను కొలిచాడు. స్కీయింగ్, రోయింగ్, పరుగు ఏదైనా దాదాపు ఒకే చిత్రం కనిపించింది. పదింట ఎనిమిది సాధనలు తేలిక, మిగిలినవి గట్టివి. స్పెయిన్‌లో 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో పోటీ స్థాయి పరుగువీరులను రెండు జట్లు చేసి అయిదు నెలలు గమనించారు. గట్టి పరుగుల వాటా రెండు జట్లకూ ఒకటే. తేడా అంతా తేలిక పరుగులో, ఒక మోస్తరు వేగపు పరుగులో. 80 శాతం సమయం తేలికగా పరుగెత్తిన జట్టు, 67 శాతం తేలికగా పరుగెత్తిన జట్టుకంటే పోటీలో ఎక్కువ మెరుగుపడింది. పన్నెండుమందితో చేసిన చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ అది చూపించిన దిశ, శిఖరాన ఉన్నవాళ్ళు అనుభవంతో ఎంచుకున్న దిశ ఒకటే.

ఇక అభ్యంతరాలు. వేగంగా పరుగెత్తకుండా వేగం ఎలా వస్తుంది, ఎమిల్ జాటోపెక్ గెలిచింది వేగపు పరుగులతోనే కదా అంటారు. చెకోస్లోవేకియాకు చెందిన జాటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు, జీవితంలో మొదటిసారి దిగిన మారథాన్, మూడూ గెలిచాడు. 400 మీటర్ల పరుగును ఒక్కరోజులో 60 సార్లదాకా తిప్పితిప్పి చేసేవాడన్నది నిజం. ఆ సాధనను దగ్గరనుంచి చూద్దాం. ప్రతి 400 మీటర్లకూ మధ్య 200 మీటర్లు నిదానంగా జాగింగ్ చేసేవాడు. ఆ లెక్కన 60 సార్లంటే మొత్తం 36 కిలోమీటర్లు. ఒక్కరోజులో 36 కిలోమీటర్లు సాగే సాధనలో ప్రతి రౌండూ శక్తికొద్దీ కొట్టడం ఎవరి వల్లా కాదు. ఆయన బలం కూడా అంతులేని దూరం మీదే నిలబడింది. 1954లో మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించిన రోజర్ బానిస్టర్‌ను ఇంకొందరు ఉదాహరణగా చూపిస్తారు. ఆయన వైద్య విద్యార్థి, సాధనకు దొరికిన కాస్త సమయంలో 440 గజాల వేగపు పరుగులమీదే ఎక్కువగా ఆధారపడ్డాడు. తక్కువ దూరంతోనూ గొప్ప మైలు పరుగెత్తవచ్చని ఆయన నిరూపించాడు, కాదనను. కానీ ఎనిమిదేళ్ళ తరవాత అదే మైలును సరిగ్గా 5 సెకన్లు తక్కువలో, వాంగనూయిలోని గడ్డి ట్రాక్ మీద ముగించినవాడు లిడియార్డ్ శిష్యుడు స్నెల్. వేగపు పరుగు వద్దని నేను అనడం లేదు. నెలల పునాది మీద, పోటీకి ముందు కొన్ని వారాలు దాన్ని చేర్చినప్పుడే అది పూర్తి ఫలమిస్తుందంటున్నాను.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైనది. వారానికి 160 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళకు ఎనభై ఇరవై లెక్క సరిపోతుంది, ఉద్యోగం, సంసారం చూసుకుంటూ వారానికి మూడు నాలుగు గంటలు మాత్రమే దొరికేవాళ్ళకు దాంతో ఏం పని? ఉన్న కాస్త సమయంలో గట్టిగా చేయడమే మేలు కదా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2006లో చూపించిన ఫలితం ఈ వాదనకు అండ. సైకిల్ మీద 30 సెకన్ల చొప్పున నాలుగు నుంచి ఆరు సార్లు ప్రాణం పెట్టి తొక్కిన జట్టు, గంటన్నర రెండు గంటలు తొక్కిన జట్టుతో దాదాపు సమానంగా మెరుగుపడింది. ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఆ ప్రయోగం రెండు వారాలది, సైకిల్ మీద జరిగింది. సైకిల్ తొక్కినప్పుడు అడుగడుగునా శరీరం బరువు ఎముకమీద పడదు. రెండు వారాల్లో వచ్చే లాభం ఆరో నెలలోనూ వస్తుందని ఆ ప్రయోగం చెప్పదు. సామాన్య పరుగువాళ్ళమీదే స్పెయిన్‌లో చేసిన మరో అధ్యయనంలో రెండు పద్ధతులవాళ్ళూ మెరుగుపడ్డారు. తేలిక పరుగు ఎక్కువ చేసినవాళ్ళది కాస్త పైచేయి అయినా, ఖాయమని చెప్పగలిగేంత తేడా రాలేదు. కాబట్టి తక్కువ గంటలవాళ్ళకు ఎనభై అనే అంకె శిలాక్షరం కాదు. మూడు రోజులే పరుగెత్తేవాళ్ళు ఒకరోజు గట్టిగా, రెండు రోజులు తేలికగా పరుగెత్తితే చాలు. మూడు రోజులూ గట్టిగా పరుగెత్తడం మాత్రం వాళ్ళకూ చేటే. గాయపడి నెల రోజులు ఇంట్లో కూర్చుంటే మిగిలిన సమయమేముంది?

ఈ కాలపు నార్వే పద్ధతిని కూడా నా వాదానికి ఎదురు నిలబెడతారు. టోక్యోలో 1,500 మీటర్లు, ప్యారిస్‌లో 5,000 మీటర్లు గెలిచిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఒకేరోజు ఉదయం, సాయంత్రం చురుకైన పరుగులు చేస్తాడు. ఇది మెల్లని పరుగు కాదు కదా అంటారు. ఆ పరుగులు ఎలా నడుస్తాయో గమనించాలి. కొన్ని నిమిషాలు పరుగెత్తి ఆగగానే రక్తపు బొట్టు తీసి, చిన్న యంత్రంలో లాక్టేట్ ఎంత ఉందో చూస్తారు. అది ముందే పెట్టుకున్న హద్దు దాటితే వేగం తగ్గిస్తారు. ఇంకా గట్టిగా పరుగెత్తగల ఒలింపిక్ విజేత తనను తాను పట్టి ఉంచుకోవడానికి వాడే సాధనం అది. వారంలో మిగతా పరుగులు ఎక్కువభాగం తేలికవే. కెన్యాలో కప్తాగత్ శిబిరంలో సాధన చేసిన మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్చోగె వారంలో గట్టి సాధనలకు కేటాయించింది మూడు రోజులే. ఒకరోజు ట్రాక్, ఒకరోజు దూరపు పరుగు, ఒకరోజు వేగం మారుస్తూ సాగే ఫార్ట్‌లెక్. మిగిలిన రోజులు నిదానమే. గట్టి రోజు నిజంగా గట్టిగా ఉండాలంటే తేలిక రోజు నిజంగా తేలికగా ఉండాలన్న సూత్రాన్ని వీళ్ళు మనకంటే నిష్ఠగా పాటిస్తున్నారు. మనలో చాలామంది చిక్కుకునేది నడిమధ్య వేగంలో. తేలిక రోజు పక్కవాడు దాటిపోయాడని కాస్త పెంచుతాం, గట్టి రోజు నిన్నటి అలసటతో కాస్త తగ్గుతాం. అన్ని రోజులూ ఒకేలా అయిపోయి, ఎందులోనూ పూర్తి లాభం మిగలదు.

నిదానం అంటే ఎంత నిదానం? కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని నేను చెప్పను, మన వాతావరణంలో అసలు చెప్పకూడదు. ఎండలో రక్తం కొంత చర్మంవైపు మళ్ళుతుంది కనుక అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల ఎత్తులు వేగాన్ని తినేస్తాయి. జనవరిలో తేలికగా ఉన్న వేగం మే నెలలో శక్తికి మించిన పని అవుతుంది. అందుకే గడియారాన్ని కాకుండా ఊపిరిని నమ్మాలి. పరుగెత్తుతూ ఒక వేమన పద్యం పైకి చెప్పి చూడండి. పాదం మధ్యలో ఊపిరి తెగకుండా నాలుగు పాదాలూ చెప్పగలిగితే అదే మీ తేలిక వేగం. రెండు మాటలకే రొప్పు వస్తే వేగం తగ్గించండి. కొత్తవాళ్ళు మధ్యమధ్య నడవాల్సి వస్తే నడవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

పోటీ పరీక్షకు సిద్ధమయ్యే యువతీయువకులకు, వాళ్ళకు శిక్షణ ఇచ్చే మాస్టార్లకు నా విన్నపం ఇది. నోటిఫికేషన్ కోసం ఆగకండి. ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. మొదటి మూడు నెలలు వారానికి అయిదు రోజులు అరగంటతో ఆరంభించి ముప్పావు గంటదాకా మెల్లగా పరుగెత్తండి, ఆదివారం ఇంకాస్త దూరం వెళ్ళండి. నాలుగో నెలనుంచి వారంలో ఒకరోజు, తరవాత రెండు రోజులు వేగపు పరుగులు చేర్చండి. 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో తేరుకునేంత విరామం చాలు. పూర్తి 1,600 మీటర్ల టైమింగ్ రెండు మూడు వారాలకోసారి చూసుకోండి. ఎముక మీద వేలు పెట్టి నొక్కితే ఒకేచోట నొప్పి పుడుతుంటే పరుగు ఆపి డాక్టర్‌కు చూపించండి. శిక్షకులు కూడా ఉదయాన్నే ఎవరు ముందొచ్చారని కాకుండా, ఎవరు ఆరు నెలలు గాయపడకుండా మైదానానికి వచ్చారని లెక్కించాలి. కష్టపడే గుణానికి మన పిల్లల్లో కొరత లేదు. ఆ కష్టాన్ని నెలల మీద పరచి వాడుకునే ఓపికను నేర్పవలసిన బాధ్యత పెద్దలది. ఆ ఓపిక ఉన్నవాడికి పోటీరోజున వేగం దానంతటదే అందివస్తుందని ఇప్పటిదాకా చెప్పుకున్న ఆధారాలు చెబుతున్నాయి, నేనూ మనసారా నమ్ముతున్నాను.